‘కోడలు కాబట్టే కష్టపెడుతోంది’ అంటున్నారు

పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఆమెకు 47 ఏళ్లు. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతారు. భర్త రైస్ మిల్లులో గుమస్తా. అత్తగారికి 74. పదిహేనేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. పదకొండు వారాల కిందట తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో జారిపడి కుడి తుంటి విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. డిశ్చార్జి కాగితంలో ‘వాకర్‌తో నడిపించండి, కాలి మీద బరువు మోపవచ్చు’ అని రాసిచ్చారు.

ఇంటికొచ్చాక ఫిజియోను పెట్టుకున్నారు. అతను గుమ్మంలో కనబడగానే పెద్దావిడ ఏడుపు మొదలుపెట్టేవారట. ‘నన్ను చంపడానికొచ్చాడు’ అని వీధికి వినబడేలా అరిచేవారట. పన్నెండు రోజులు చూసి, ‘ఈ వయసులో ఆవిడ నడిచి ఏం చెయ్యాలి, మనం లేమా’ అంటూ భర్తే అతన్ని మాన్పించారు. అప్పటి నుంచి అన్నం, స్నానం అన్నీ మంచం మీదే. పగలూ రాత్రీ డైపర్లు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం నాలుగు ముద్దల మజ్జిగన్నం, రాత్రి గ్లాసు పాలు, ఒక నిద్రమాత్ర. వారం నుంచి నడుము కింద చర్మం ఎర్రగా కమిలింది. ఎత్తి కూర్చోబెట్టీ పడుకోబెట్టీ ఈ సోదరికి నడుం పట్టేసింది. కుట్టుపని సగానికి పడిపోయింది.

ఆమె మనసును కోస్తున్నది మాత్రం వేరే మాట. భర్త అక్కగారు పక్క ఊళ్లో ఉంటారు. ప్రతి ఆదివారం వచ్చి తల్లికి ముద్దలు కలిపి తినిపించి, నూనెతో కాళ్లు పట్టి, వెళ్తూ వెళ్తూ ‘కూతురైతే ఇలా లేపి కష్టపెడుతుందా, కోడలు కాబట్టి చేతులొస్తున్నాయి’ అన్నారట. ‘అప్పటి నుంచి నేను లేపడం మానేశాను. పడుకోబెడితే అత్తయ్య రోజురోజుకీ కుంగిపోతున్నారు. లేపితే నేను రాక్షసినవుతున్నాను. ఒక రోజు డైపర్ మారుస్తుంటే అత్తయ్య ముఖం గోడవైపు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. ఏం చెయ్యమంటారు?’ అని అడిగారు.

అమ్మా,

మీ ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది చివర్లో మీరు రాసిన ఆ గోడ సంగతి. నడవనని అరిచే మనిషి, డైపర్ మార్చేటప్పుడు ముఖం తిప్పుకుని ఏడ్చారు. అంటే ఆవిడ ఆశ వదులుకోలేదు. పరువు పోతోందన్న బాధ ఇంకా మనసులో పచ్చిగానే ఉంది. ఆవిడకు కావలసింది ‘నడక’ కాకపోవచ్చు. ఎవరి చేతా కడిగించుకోకుండా తన పని తాను చేసుకోవడం కావచ్చు. ఫిజియో ఆవిడను హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిపించాడు. ఎందుకు నడుస్తున్నారో ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. లేపడం హింసా, పడుకోబెట్టడం ప్రేమా? మీ ఇంట్లో అందరూ ఆవిడ మీద ప్రేమతోనే ఉన్నారు. మీ ఆయన తల్లి ఏడుపు చూడలేక ఫిజియోను మాన్పించారు. మీ వదినగారు వారానికి ఒక్క రోజు దొరుకుతుంది కాబట్టి ఆ రోజంతా తల్లికి చేసిపెట్టాలనుకుంటారు. కానీ మంచం ఏం చేస్తుందో వాళ్లకు తెలియదు. ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ల వాళ్లను పరిశోధన కోసం పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఆ పది రోజుల్లో ఒక్కొక్కరి కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సంగతే అది. మీ అత్తగారు 74 ఏళ్ల మనిషి, పెద్ద ఆపరేషన్ అయింది, తిండి తక్కువ, మంచం మీద రెండు నెలలు దాటింది. ఇప్పుడు ఆవిడ లేవలేకపోవడానికి విరిగిన ఎముక ఒక్కటే కారణం కాదు. చాలావరకు ఆ మంచమే కారణం.

పోయిన బలం ఈ వయసులో తిరిగొస్తుందా అని మీ ఆయన అడుగుతారు. వస్తుంది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల మధ్యవాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. వాళ్ల కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. అంతకు ఎంతో ముందు, 1935లో, లండన్ వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జొరీ వారెన్ అనే డాక్టరమ్మ చేతికి 700 మందికి పైగా రోగులు వచ్చారు. ఇక కోలుకోరని మంచాలకు వదిలేసినవాళ్లే అందులో చాలామంది. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, లేపి కూర్చోబెట్టి, నడక నేర్పించి, కొంతమందిని ఇళ్లకు కూడా పంపగలిగారు. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యం ప్రత్యేక శాస్త్రంగా నిలబడటానికి ఆవిడ చేసిన ఆ పని పెద్ద పునాది. కాబట్టి, అమ్మా, లేపడం రాక్షసుల పని కాదు. వైద్యమే అది.

అయితే లేపే ముందు మీరు తప్పకుండా చెయ్యాల్సినది ఒకటుంది. ఆపరేషన్ చేసిన డాక్టరుకు మళ్లీ చూపించి ఎక్స్-రే తీయించండి. ఆవిడ అరుపులన్నీ భయమేనని మనం అనుకోకూడదు. అరుదుగా లోపలి రాడ్ గానీ స్క్రూ గానీ కదిలితే నిజంగానే భరించలేని నొప్పి ఉంటుంది. ఆ కాలు రెండో దానికంటే పొట్టిగా అనిపించినా, పాదం పక్కకు ఒరిగిపోయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. ‘బరువు మోపవచ్చు’ అన్న మాట ఇప్పటికీ వర్తిస్తుందా, కింద కూర్చోవచ్చా, ఇండియన్ టాయిలెట్ వాడొచ్చా అని నోరు తెరిచి అడగండి. డిశ్చార్జి కాగితాల్లో ఇవన్నీ ఉండవు. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమనండి. లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగితే ఎవరికైనా భయమే. నిద్రమాత్ర సంగతీ అడగండి. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు పొద్దుటి దాకా ఉండి తూలిపడేలా చేస్తుంది. అసలు ఆ తెల్లవారుజామున జారడానికి కారణం తడి నేల ఒక్కటేనా అన్నది కూడా ఆలోచించాల్సిన విషయం. అయితే మాత్ర మీ అంతట మీరు ఉన్నపళాన ఆపొద్దు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. జారిపడితే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. రాడ్ వేసినంత మాత్రాన ఆ గుల్లతనం పోదు. రెండో తుంటి విరగకుండా మందులు, ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటి గురించి కూడా మీరే అడగండి. ఈ చివరి సంగతి మన దగ్గర చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోకుండా పోతోందన్నది నా బాధ.

ఎక్స్-రే బాగుందనుకుందాం. అప్పుడు మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి.

ఇప్పుడున్నట్టే ఉండిపోవడం ఒకటి. అందరికీ ప్రస్తుతానికి సుఖంగా కనిపించేది ఇదే. కానీ ఆ కమిలిన చర్మం రేపు పుండవుతుంది, షుగరున్న మనిషికి అది త్వరగా మానదు. మోకాళ్లు మడిచినవి మడిచినట్టే బిగుసుకుపోతాయి. ఊపిరితిత్తుల్లో కఫం చేరడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావడం దీని వెనకే వస్తాయి. అవి వచ్చాక ఆసుపత్రికి పెట్టే ఖర్చుతో ఇప్పుడు ఆరు నెలలు ఫిజియోను పెట్టుకోవచ్చు. మీ ఆయనకు ఈ లెక్క ఒకసారి వేసి చూపించండి.

రెండోది, పునరావాస కేంద్రం. విజయవాడ, హైదరాబాదు లాంటి చోట్ల మూడు నాలుగు వారాలు అక్కడే ఉంచి రోజూ వ్యాయామం చేయించే కేంద్రాలున్నాయి. మీ నడుముకు విశ్రాంతి దొరుకుతుంది, పని వేగంగా సాగుతుంది. ఖర్చు మాత్రం రోజు లెక్కన పెరుగుతూ పోతుంది. చేర్చే ముందు అడగండి: ఫిజియో రోజుకు ఎంతసేపు ఆవిడ దగ్గర ఉంటాడు? టాయిలెట్‌కు వెళ్లిరావడం నేర్పిస్తారా? ఇంటివాళ్లకు నేర్పిస్తారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే అది పేరు మార్చుకున్న లాడ్జి అనుకోండి. ఇంకో మాట. అక్కడ నడిచొచ్చిన మనిషిని ఇంటికి తెచ్చి మళ్లీ మంచానికి అప్పగిస్తే నెలలో అదంతా కరిగిపోతుంది.

మూడోది, ఇంట్లోనే మళ్లీ మొదలుపెట్టడం. మీ పరిస్థితికి నాకు దగ్గరగా అనిపించేది ఇదే గానీ, నిర్ణయం మీ ఇంటిది. ఫిజియో రోజూ రానక్కర్లేదు. వారానికి రెండు మూడుసార్లు వచ్చి ఏం చెయ్యాలో చూపించి, బరువు పెంచి వెళితే, మిగతా రోజులు మీరు చేయించుకోవచ్చు. ఈసారి మనిషిని మార్చి చూడండి, వీలైతే ఆడమనిషిని. 74 ఏళ్ల ఆవిడ, చీరె సర్దుకోలేని స్థితిలో, కొత్త కుర్రవాడు తొడ పట్టుకుని వంచుతుంటే ఆ కేకల్లో సిగ్గు ఎంతో, నొప్పి ఎంతో మనకెలా తెలుస్తుంది? డాక్టరు రాసిచ్చిన నొప్పిమాత్ర వ్యాయామానికి ముప్పావుగంట ముందు వెయ్యండి. చాలామంది నొప్పి వచ్చాక వేస్తారు, అందుకే పని చెడుతుంది. జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద ఫిజియోథెరపీ ఉంటుంది, అక్కడా విచారించండి. వాకర్, చక్రాల కుర్చీ లాంటివి పేద కుటుంబాల్లోని పెద్దవాళ్లకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మీ దగ్గర శిబిరం ఎప్పుడో కనుక్కోవాలంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి అడగండి.

ఇంట్లో చేయించే పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అసలు సంగతంతా ఇందులోనే ఉంది. ముందు నడక మాట ఎత్తొద్దు. కుర్చీలోంచి లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం. ఇది వస్తే టాయిలెట్ వస్తుంది, టాయిలెట్ వస్తే డైపర్ పోతుంది. మీది నవారు మంచమని రాశారు. అందులోంచి బలమున్నవాళ్లకే లేవడం కష్టం, తుంటి మోకాళ్లకంటే కిందికి దిగిపోతుంది. గట్టి పరుపున్న మంచం వేసి, కాళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు చెయ్యండి. చేతులున్న చెక్క కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. సీటు మీద దుప్పటి మడిచి వేస్తే ఇంకా సులువు. ఆవిడ కుర్చీ అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి పెట్టుకోవాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా ముందుకు వంగాలి, కుర్చీ చేతుల మీద నొక్కి లేవాలి. వాకర్‌ను పట్టుకుని లాక్కుంటూ లేవకూడదు, అది మీదికి వస్తుంది. మీరు చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దు. మీ నడుం పట్టింది అందుకే. ఆవిడ నడుముకు వెడల్పాటి బెల్టు గానీ, గట్టిగా ముడేసిన తువ్వాలు గానీ కట్టి, కుడిపక్కన కాస్త వెనకగా నిలబడి దాన్ని పట్టుకోండి. మొదటి వారం పూటకు మూడుసార్లు లేచినా గొప్పే. ఎనిమిది పదిసార్లు ఆగకుండా లేచే రోజు వస్తే మిగతా నడక దానంతటదే దారిలో పడుతుంది. నిలబడ్డప్పుడు వాకర్ పిడి ఆవిడ మణికట్టు ఎత్తుకు రావాలి. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టీ ఉన్న చెప్పులు కొనండి.

పగలు మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టి రెండు గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, కూర్చోబెట్టండి. ఆవిడ పరువు వెనక్కి రావడం అక్కడ మొదలవుతుంది. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ బిగించడానికి తాపీమేస్త్రికి అరపూట చాలు. గడప దగ్గర చిన్న చెక్క వాలుగా వేయించండి. రాత్రి ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి.

తిండి గురించి. మీరు రాసినదాన్ని లెక్కేస్తే రోజుకు 20 గ్రాములకు అటూ ఇటూ ప్రొటీన్ అందుతోంది. ఆవిడ 50 కిలోలుంటారన్నారు, ఈ స్థితిలో 60 గ్రాముల దాకా కావాలి. ఇటుకలు లేకుండా మేస్త్రి ఎంత కష్టపడితే మాత్రం గోడ లేస్తుందా? పదిహేనేళ్ల షుగరు కాబట్టి ముందు కిడ్నీ పరీక్ష చేయించి డాక్టరును అడగండి. సరేనంటే పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు గానీ చేప గానీ, సాయంత్రం గుడ్డు. శనివారం గుడ్డు ముట్టరన్నారు, ఆ రోజు పెరుగు, వేయించిన సెనగలు మెత్తగా పొడి చేసి ఇవ్వండి. షుగరు మాత్రలు వేసుకుని ఏమీ తినకుండా మాత్రం వ్యాయామం చేయించొద్దు.

ఇన్ని చేసినా ఆవిడ పూర్తిగా మునుపటిలా నడుస్తారని నేను మాట ఇవ్వలేను. తుంటి విరిగినవాళ్లలో మునుపటి నడకకు తిరిగి వచ్చేది దాదాపు సగం మందే. మెరుగుదల చాలావరకు మొదటి ఆరు నెలల్లో వస్తుంది, ఏడాది దాకా కొంచెం కొంచెంగా సాగుతుంది. మీకు ఇంకా మూడు నెలల మంచి సమయం ఉంది. అందుకే నాలుగో దారి కూడా చెబుతున్నాను. ఆరు వారాలు మనస్ఫూర్తిగా ప్రయత్నించాక కూడా నడక రాకపోతే, చక్రాల కుర్చీ దగ్గర ఆగండి. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి కమోడ్‌కు ఒక మనిషి సాయంతో మారగలిగితే చాలు. పగలంతా కూర్చుని ఉంటారు, వీధి అరుగు మీదికి వెళ్తారు, నలుగురితో మాట్లాడతారు. అది ఓటమి కాదు. మంచానికీ కుర్చీకీ మధ్య ఉన్న దూరమే మనిషికి చాలా పెద్ద దూరం.

మీ వదినగారి మాట గురించి. అది మీకు ఎంత గుచ్చుకుందో తెలుస్తోంది. కానీ మీరు మీరుగా సమాధానం చెప్పబోతే అది కోడలి వాదన అయిపోతుంది. ఎక్స్-రే రోజున ఆవిడను కూడా ఆసుపత్రికి రమ్మనండి. ‘అమ్మను లేపాలా వద్దా’ అన్న ప్రశ్న ఆవిడ చేతే డాక్టరును అడిగించండి. తర్వాత ఆదివారం పని ఆవిడకే అప్పగించండి. ‘వదినా, మీరు చెబితే అత్తయ్య వింటారు. నేను చెబితే కోడలు పోరుతోందనుకుంటారు. ఆదివారం ఆ పదిసార్లు మీరే లేపండి’ అనండి. ఇందులో నటన అక్కర్లేదు, నిజమే కదా. కూతురి చెయ్యి పట్టుకుని తల్లి నిలబడ్డ రోజున ఆ మాట ఆవిడే వెనక్కి తీసుకుంటారేమో. తీసుకోకపోయినా మీ పని ఆగదు. అన్నం ముద్దలు కలిపి తినిపించడం మాత్రం ఆపమనండి. అత్తగారి చేతులకు ఏమీ కాలేదు, తన ముద్ద తను కలుపుకోనివ్వండి. కాళ్లకు నూనె రాయడం తప్పు కాదు గానీ, ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే పట్టొద్దు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. పుత్తూరు కట్టు కట్టించమని మీ పక్కింటివాళ్లు అంటున్నారని రాశారు. లోపల రాడ్ వేసిన కాలికి ఏ కట్టూ కట్టించొద్దు.

మీ ఆయనకు కూడా ఒక పని ఉంది. ‘మనం లేమా’ అన్నారు కదా, ఆ మనంలో ఆయనా ఉన్నారు. రాత్రి ఒకసారి కమోడ్ కుర్చీకి మార్చడం, స్నానానికి తీసుకెళ్లడం ఆయన వంతు. తల్లి కదా అని మొహమాటపడతారు. ముందు ఫిజియో దగ్గర నేర్చుకోమనండి. మీరు మిషన్ దగ్గర కూర్చునే గంటలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. మీరు పడిపోతే ఆ ఇంట్లో ఇద్దరు మంచాన పడతారు.

మీ అత్తగారితో మాత్రం ముందు మీరే మాట్లాడండి. ఎవరూ లేని మధ్యాహ్నం పక్కన కూర్చుని ‘అత్తయ్యా, మీకు అన్నిటికంటే ఏది మీ అంతట మీరు చేసుకోవాలని ఉంది?’ అని అడగండి. బాత్‌రూమ్ అనొచ్చు, తులసికోట దగ్గర దీపం అనొచ్చు, ఏమీ అనకుండా మళ్లీ గోడవైపు తిరగనూ వచ్చు. అలా వారాల తరబడి ఏ మాటకూ పలక్కుండా, తిండి మీద ధ్యాస లేకుండా ఉంటే అది మొండితనం కాదు, దిగులు జబ్బు కావచ్చు. దానికీ మందుంది, డాక్టరుకు చెప్పండి. ఏదైనా చెబితే మాత్రం అదే మీ లెక్క. తులసికోట అంటే మంచం నుంచి పెరటికి ఎన్ని అడుగులో కొలిచి ఆవిడకే చెప్పండి.

ఎక్స్-రే చూసి డాక్టరు సరేనన్న మర్నాడు పొద్దున కాఫీ మంచం దగ్గరికి తీసుకెళ్లకండి. ఆ చెక్క కుర్చీ కిటికీ పక్కన వేసి, కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి, ‘అత్తయ్యా, కాఫీ అక్కడ పెట్టాను, రండి, నేను పట్టుకుంటాను’ అనండి. మొదటి రోజు చల్లారిపోవచ్చు. మళ్లీ వేడి చేసివ్వండి.